ఎనిమిదో సారసం

మా ఇంటి సారసాలకు తోక నలుపు. నాన్న గీసినా, తాత గీసినా, తాతకు తాత గీసినా అంతే. సారసం నిలబడి ఉన్నప్పుడు వెనక నల్లటి కుచ్చు వేలాడుతూ కనిపిస్తుంది. దాన్నే ఎగిరే సారసానికీ తోకగా తగిలించేవాళ్ళు. మేమొక్కళ్ళమే కాదు, క్యోటోలో పూలూ పక్షులూ గీసే ఇళ్ళు చాలావాటిలో అదే వాడుక. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా ఆ తోక సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. మంచు తెల్లగా ఉంటుంది, సిరా నల్లగా ఉంటుంది, సారసం తోక నల్లగా ఉంటుంది. ఇందులో ఆలోచించడానికేముంది?

మెయిజీ చక్రవర్తి ఏలుబడిలో పంతొమ్మిదో ఏటి చలికాలం అది. నాన్న హిరాసె కెయిడో మా వంశంలో అయిదో చిత్రకారుడు. మగపిల్లలు లేరు. అందుకని శిష్యుల్లో చెయ్యి తిరిగినవాడిని చూసి, తమెకిచి అనే అతన్ని నాకిచ్చి ఇల్లరికం తెచ్చుకున్నాడు. సరస్సు ఒడ్డున పడవ నడుపుకునేవాళ్ళ అబ్బాయి. మా ఇంటిపేరు పెట్టుకున్నాడు. శిష్యుడిగా చేరిన నాటినుంచి, మా తాతలు గీసిపెట్టిన నమూనాల కాగితపు చుట్ట ముందు కూర్చుని, ఎనిమిదేళ్ళు అందులో ఉన్నదాన్ని ఉన్నట్టు దించాడు. వెదురాకు మూడేళ్ళు, పిచ్చుక రెండేళ్ళు, మిగతా మూడేళ్ళూ సారసమే. ఆ చుట్టలో లేని పక్షి మా ఇంట్లో లేనట్టే లెక్క.

ఇల్లరికపు అల్లుడికి మా ఊళ్ళో ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. మామగారికి మనసు విరిగితే ఏదో ఒక పొద్దున మూట చేతికిచ్చి గడప దాటిస్తారు. పెళ్ళాం ఆ ఇంటిది, బిడ్డ ఆ ఇంటిది, పోవలసింది అతనొక్కడే. ఆ చలికాలం నాకు మూడో నెల.

ఏడాది ముందు నాన్నే తమెకిచిని సర్కారువారి చిత్రకళా బడికి పంపాడు. ఇష్టమై పంపలేదు. చిత్రాలు కొనే ఆసాములందరూ “మీ అల్లుడికి పరదేశీ పద్ధతి కూడా వచ్చా?” అని అడగడం మొదలుపెట్టారు, అందుకని పంపాడు. అక్కడ గడ్డి కూరిన పక్షిని బల్లమీద పెట్టి, దాని ముక్కు ఎంత, మెడ ఎంత అని కొలిచి, బొగ్గుతో గీయిస్తారట. తప్పు పోతే రొట్టె ముక్కతో తుడుస్తారట. రొట్టె సంగతి విన్న రోజు మా నాయనమ్మ చాలాసేపు నమ్మలేదు.

“తినేదాంతో తుడుస్తారా? మరి తినడానికేం చేస్తారు అబ్బాయ్, బొగ్గు నములుతారా?”

“మిగిలింది తింటాం నాయనమ్మా. ఇదిగో.”

ఎనభై రెండేళ్ళ మనిషి. ముందరి పళ్ళతో కొరికి, నాలుగుసార్లు నమిలి, “ఉప్పు లేదు,” అంది. మర్నాటినుంచి అతను బడినుంచి రాగానే చెయ్యి చాపేది.

నాన్న మాత్రం రొట్టెకు లొంగలేదు. తమెకిచి తెచ్చిన బొగ్గు పిచ్చుకను కిటికీ దగ్గర పెట్టి చూసి, “ఇదేమిటి, పొయ్యిలో పడి లేచిందా?” అన్నాడు.

“నీడండీ గురువుగారూ. వెలుగు ఈ పక్కనుంచి పడుతోంది కదండీ.”

“పిచ్చుక ఒక్క పక్కనే కూర్చుంటానని నీకు మాటిచ్చిందా?”

తమెకిచి నవ్వాడు. నాన్న కూడా నవ్వీ నవ్వనట్టు మీసం కింద నవ్వాడు. అప్పటికి అంతా అలా చతుర్లలోనే ఉంది.

శీతాకాలం మొదట్లో కొండవారనున్న ఒక గుడినుంచి పెద్ద పని వచ్చింది. లోపలి గదికి ఎనిమిది జారుడు తలుపులు, తలుపుకొక ఎగిరే సారసం, కింద అలలు. రెండో నెలలో కొత్త పెద్దగురువు పీఠమెక్కే నాటికి తలుపులు బిగించాలి. ఏడు సారసాలు నాన్న గీశాడు. ఎనిమిదో తలుపు ముందుకొచ్చి ఆగి, కుంచె కడిగి పక్కన పెట్టి, “ఎనిమిదోది నువ్వు గియ్యి,” అన్నాడు తమెకిచితో. అంతే అన్నాడు గానీ మా ఇంట్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. అది నచ్చితే నాన్న తరవాత ఈ ఇంటి చిత్రకారుడు అతనే, ముద్రా అతనిదే. ఆ పూట తమెకిచి అన్నం కెలికి లేచిపోయాడు.

నా పని తెలుపు. ఆల్చిప్పల పొడిని మెత్తగా నూరి, జిగురు చుక్క చుక్కగా పోసి, ముద్ద చేసి, ఆ ముద్దను పళ్ళెంలోకి వందసార్లు విసిరి కొట్టాలి. అప్పుడుగానీ తెలుపుకు పట్టు రాదు. చలికాలం అయితే మరీ తొందరగా వాడాలి, లేకపోతే జిగురు గడ్డకట్టి అంతా పాడవుతుంది. వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది. తెలుపు కలపడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని, పూయడం మగవాళ్ళది. నీకూ గీయడం వచ్చా అని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పన్నెండో నెల ఇరవయ్యో తారీఖున తమెకిచి అన్న తొరాజో మా ఇంటికొచ్చాడు. భుజాన తుపాకీ, చంకలో గడ్డిచాప చుట్టిన పొడుగాటి కట్ట. వంటింటి మట్టినేల మీద ఆ కట్టను దించి, చాప విప్పాడు. లోపల సారసం.

“ఒక్క దెబ్బకే కూలిపోనాది,” అన్నాడు. “కొత్తేడు పులుసుకని తెచ్చినాను మరదలా. ఉప్పేసి దాచుకో.”

నేను రెండడుగులు వెనక్కి వేశాను. మా చిన్నప్పుడు సారసాన్ని చంపినవాడి తల తీసేవారని చెప్పుకునేవాళ్ళు. పాత ప్రభువుల కాలం పోయి పద్దెనిమిదేళ్ళైనా ఆ మాట ఒంట్లోంచి పోలేదు.

“మరేం బయం లేదు,” అని నవ్వాడు తొరాజో. “మా తాత కాలంలో దీని ఈక దొరికినా ఈపు సిట్లిపోయేది. ఇప్పుడు తుపాకీ ఎవుడికుంటే ఆడిదే పిట్ట.”

తమెకిచి మోకాళ్ళమీద కూలబడి, పక్షి వీపుమీద అరచెయ్యి పెట్టాడు. మూడేళ్ళుగా గీస్తున్న పక్షిని మనిషి మొదటిసారి తాకాడు. తరవాత నన్ను పిలిచి, “ఆ రెక్క పట్టుకో నుయీ,” అన్నాడు. ఒక రెక్క అతను, ఒక రెక్క నేను పట్టుకుని చెరో పక్కకూ లాగాం. నేను అటు గోడ దాకా పోవలసి వచ్చింది, అంత పొడుగు.

రెక్కలు విచ్చుకోగానే వెనకనున్న నల్లటి కుచ్చు రెండుగా చీలి, రెక్కలతోపాటు చెరో పక్కకూ వెళ్ళిపోయింది. అది తోక కాదు. రెక్కల లోపలి ఈకలు. దాని కిందనుంచి అసలు తోక బయటపడింది. పొట్టిగా, విసనకర్రలాగా, తెల్లగా ఉంది. నేను కలిపే తెలుపంత తెల్లగా.

నేను నిర్ఘాంతపోయాను. ముందు పిల్ల పక్షేమో అనుకున్నాను, తరవాత జబ్బు పక్షేమో అనుకున్నాను. మా తాతముత్తాతలు తప్పు గీశారన్న మాట తప్ప మిగతావన్నీ అనుకున్నాను.

“మూడేళ్ళు,” అన్నాడు తమెకిచి. “మూడేళ్ళుగా లేని ఈకలు గీస్తున్నాను.”

“రెక్క ముయ్యండి.”

గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. ఆ గొంతు ఆమెదని నాకు వెంటనే తెలియలేదు. మేమిద్దరం కదలకపోయేసరికి, “ముయ్యమన్నానా,” అంటూ తనే మెట్టు దిగి వచ్చింది. రెండు రెక్కలూ ఒక్కొక్కటే మడిచి, నల్ల ఈకలను తోక మీదికి లాగి సర్ది, పైన చాప కప్పేసింది. తడుముకోకుండా చేసింది. సారసం రెక్క ఎటు మడవాలో ఆమెకెలా తెలుసని అప్పుడు నాకు తోచలేదు.

అలికిడికి నాన్న వచ్చాడు. చాప కింద పక్షి ఎర్రటి నెత్తి కనిపించినట్టుంది, అక్కడే ఆగిపోయాడు.

“దీన్ని తెస్తుంటే వీధిలో ఎవరైనా చూశారా?” అని అడిగాడు తొరాజోను.

“సూడక? దారి పొడుగునా సూపించుకుంటానే వచ్చినాను.”

నాన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. వెళ్ళి, మిట్టమధ్యాహ్నం వీధి తలుపు మూసి అడ్డగడియ వేసివచ్చాడు. మా ఇంటి వీధి తలుపు పగటిపూట గడియ వేయడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. పల్లెటూరి చుట్టం వచ్చాడని సిగ్గుపడుతున్నాడనుకుని నాకు తమెకిచి తరఫున కోపమొచ్చింది. తొరాజో కూడా అదే అనుకున్నాడు. టీ తాగకుండానే తుపాకీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పక్షిని ఎవరూ తినలేదు. నాన్న పెరట్లో పాతిపెట్టమన్నాడు. తమెకిచి పాతిపెట్టాడు గానీ, ముందే ఒక రెక్కా తోకా కోసి, ఉప్పుపట్టించి ఆరబెట్టి తన పెట్టెలో దాచుకున్నాడు. బడిలో నేర్చుకున్న పద్ధతే. కొత్తేడు మోచి బియ్యపు ముద్దలు తినే నాలుగు రోజులూ, పనివాళ్ళు లేనప్పుడు, వాటిని ముందు పెట్టుకుని ఈక ఈకా కొలిచి గీస్తూ కూర్చున్నాడు.

మొదటి నెల చివర ఒకరోజు నా దగ్గరికొచ్చి, “తెలుపు ఎక్కువ కావాలి,” అన్నాడు.

“ఒంటికి పూయడం అయిపోయిందిగా. మిగిలింది తోకేగా?”

“అవును, తోకే.”

నేను అతని మొహం చూశాను. అతను నా చేతుల్లోని పళ్ళెం చూస్తున్నాడు. కలపనని అనొచ్చు. కడుపులో బిడ్డను తలచుకుని అయినా అనాల్సింది. కానీ ఆ తెల్ల తోకను నేనూ చూశాను కదా, చూశాక నల్లటి తోక నా కళ్ళకూ అబద్ధంలాగే ఉంది. కూర్చుని కలిపి ఇచ్చాను.

మర్నాటి పొద్దున నాన్న పెద్దగది తలుపు తీశాడు. ఎనిమిది తలుపులూ గోడవారన వరసగా ఆనించి ఉన్నాయి. ఏడు సారసాలు నల్లటి తోకలతో ఎగురుతున్నాయి, ఎనిమిదోది తెల్ల తోక విప్పుకుని ఎగురుతోంది. పక్కపక్కన చూస్తే ఆ ఏడూ ఏదో బరువు మోస్తున్నట్టున్నాయి. ఎనిమిదోది గదిలోంచి వెళ్ళిపోయేలా ఉంది. ఆ మాట నాన్న ముందు పైకి అనగలిగే ధైర్యం నాకు లేదు.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నెమ్మదిగా కూర్చుని, అన్నిటికన్నా పెద్ద కుంచె తీసి, సిరాలో మొదలంటా ముంచి, ఆ తోకమీద అడ్డంగా ఈడ్చాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ ఈడ్చాడు. సిరా కారి అలలమీద చుక్కలు పడ్డాయి. నాన్న కుంచెనుంచి చుక్క కారడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం. చెయ్యి అంతగా వణుకుతోంది.

“గురువుగారూ, అది నిజమండీ,” అన్నాడు తమెకిచి. “నేను లెక్కపెట్టి గీశాను.”

“నిజమో కాదో నేనడిగానా?”

“మరి నన్నేం చెయ్యమంటారండీ?”

“మూట కట్టుకో. రేపు పొద్దున్నే మీ ఊరు వెళ్ళిపో.” నా వైపు చూడకుండానే, “నుయీ, అతనివి సర్దు,” అన్నాడు.

ఒక పక్షి తోక కోసం కూతురి కాపురం తీసేశాడే ఈ మనిషి అనుకున్నాను. ఆ గంటలో మా నాన్నను అసహ్యించుకున్నంతగా ఇంకెవరినీ ఎప్పుడూ అసహ్యించుకోలేదు. అది దాచుకోవలసిన అవసరం ఈ వయసులో నాకు లేదు.

గదిలో కూర్చుని తమెకిచి బట్టలు మడుస్తున్నాను. చేతులు మడుస్తున్నాయి, కళ్ళు కారుతున్నాయి. నాయనమ్మ వచ్చి నా పక్కన చతికిలబడింది.

“ఆ చలికోటు అవతల పెట్టు.”

“సర్దమన్నారు నాన్నగారు.”

“వాడు అంటాడు. అవతల పెట్టి నా మాట విను.” కాసేపు తన మోకాలు తనే రాసుకుంది. “మీ నాన్నకో అన్న ఉండేవాడు.”

ఆ ఇంట్లో పుట్టి ఇరవై రెండేళ్ళుగా పెరిగినదాన్ని. పూజగూట్లో పోయిన పెద్దల పేర్లు రాసిన పలకలన్నీ రోజూ నేనే తుడుస్తాను. అందులో అలాంటి పలక లేదు.

“ఉండదు,” అంది నాయనమ్మ. “వాడికి పలక పెట్టొద్దన్నారు. నా పెద్దవాడు. పద్దెనిమిదేళ్ళు. మీ తాత చెయ్యి వాడి ముందు ఎందుకూ పనికొచ్చేది కాదు. ఒక మంచు కాలం, ఒగురా మడుగు దగ్గర సారసం చచ్చిపడి ఉంటే చూశాడు. మీ నాన్న కూడా ఉన్నాడు, అన్న భుజాలెక్కి వెళ్ళాడు. ఇద్దరూ కలిసి రెక్కలు విప్పారు, మొన్న మీరు విప్పారే, అలాగే. పరిగెత్తుకుంటూ వచ్చి నన్నూ లాక్కెళ్ళారు. నేనే మళ్ళీ రెక్కలు మడిచి మంచు కప్పి వచ్చాను.”

“ఆయన తెల్ల తోక గీశారా?”

“గీశాడు. ఒక ప్రభువుగారింటి మడతతెర మీద. చూసి తీసుకెళ్ళడానికి అధికారి వచ్చాడు. మంచిగా మాట్లాడేవాడు. తెర చూసి, తోక తెల్లగా ఉంటుందని మీకెలా తెలుసు అన్నాడు. మీ తాత ఏదో చెప్పబోయాడు. ఈలోగా మీ నాన్న ముందుకొచ్చాడు. ఎనిమిదేళ్ళవాడు. ‘మా అన్న చూపించాడండీ’ అన్నాడు. ‘ఇద్దరం రెక్కలు విప్పాం’ అన్నాడు. ఎంత గొప్పగా చెప్పాడనుకున్నావ్.”

చేతిలోని కోటు చేతిలోనే ఉండిపోయింది.

“చచ్చిందాన్ని చూశాడే గానీ చంపలేదని చెప్పాం. ఎవడు వింటాడు? ఖైదీని చేసి దీవికి పంపేశారు. రెండో చలికాలం దాటలేదు వాడు. మీ తాత ఆ తెరమీద తోకకు నలుపు పూసి ఇచ్చాడు. అప్పటిదాకా తెలియక గీశారమ్మా నలుపు. అప్పట్నుంచి తెలిసి గీస్తున్నారు.”

“తన మాట వల్లే అయిందని నాన్నకి తెలుసా?”

“ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఎలా చెప్తాం? చెప్పలేదు. వాడికే తెలిసింది. నాకు తెలుసని కూడా వాడికి తెలుసు. నలభై ఆరేళ్ళనుంచి ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నాం.”

నాయనమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి. నేను ఆమె చెయ్యి పట్టుకోబోతే తీసేసుకుంది. “నాకేం వద్దు. నీ మొగుణ్ణి చూసుకో,” అని లేచి, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

నేను మూట అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళి తెలుపు నూరాను. జిగురు వెచ్చబెట్టి పోసి, ముద్ద చేసి, పళ్ళెంలోకి విసిరి కొట్టడం మొదలుపెట్టాను. ఆ చప్పుడు ఇల్లంతా వినపడుతుంది. ఎవరూ కలపమనకుండా తెలుపు కలపడం నా బతుకులో అదే మొదలు. వంద అయ్యాక ఇంకో ఇరవై కూడా కొట్టాను, అంత కోపముంది ఒంట్లో. ఎవరిమీదో మాత్రం అప్పటికే తెలియడం మానేసింది.

నాన్న పెద్దగదిలో ఎనిమిదో తలుపు ముందే కూర్చుని ఉన్నాడు. పళ్ళెం తీసుకెళ్ళి ఎదురుగా పెట్టాను.

“ఎవరు కలపమన్నారు?”

“ఎవరూ కాదండీ.”

నా మొహం చూశాడు. “అమ్మ చెప్పిందన్నమాట.”

“చెప్పింది.” పళ్ళెం ఇంకాస్త ముందుకు జరిపాను. “ఇప్పుడా చట్టం లేదు నాన్నగారూ.”

“లేదని నాకు తెలుసు. దీనికి తెలీదు.” కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. అది ఇంకా వణుకుతూనే ఉంది.

ఓదార్చడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. పళ్ళెం అంచున తెలుపు అప్పుడే చిక్కబడుతోంది.

“గడ్డకట్టిపోతోందండీ,” అన్నాను.

యాభై ఏళ్ళుగా కుంచె పట్టిన మనిషి. కలిపిన తెలుపు కళ్ళముందు పాడైపోతుంటే చూస్తూ కూర్చోలేడు. చెయ్యి దానంతటదే వెళ్ళి కుంచె అందుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆరిన నలుపుమీద మొదటి గీత పెట్టాడు. తెలుపు కింద నలుపు బూడిదరంగులో కనిపిస్తూనే ఉంది. ఇంకొకటి పెట్టాడు. ఆగాడు.

“తమెకిచీ.”

పక్కగదిలో ప్రయాణానికి సిద్ధమై కూర్చున్న తమెకిచి తలుపు తీసుకుని వచ్చాడు.

“తోకలో ఈకలెన్ని?”

“పన్నెండండీ.”

“బడిలో చెప్పారా, లెక్కపెట్టావా?”

“లెక్కపెట్టానండీ.”

“నాకు అన్నీ గుర్తులేవు. చూపించు.”

తమెకిచి భయపడుతూ పెట్టెలోంచి ఎండిన తోక తెచ్చి కింద పెట్టాడు. నాన్న చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. తరవాత అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక ఈకను నిమిరాడు.

“ఇంత గట్టిగా ఉండేది కాదు,” అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు గానీ చప్పుడు కానివ్వలేదు.

నలుపుమీద తెలుపు నిలవాలంటే ఒక పూత చాలదు. మూడు రోజులు మూడు పూతలు వేశారు. రోజూ పొద్దున్నే నేను కలిపాను, తమెకిచి తోక పట్టుకుని ఈకల వరస చెప్పాడు, నాన్న ఈకకొక గీత చొప్పున పన్నెండు గీతలు గీశాడు. కొలతలు అల్లుడివి, గీత మామగారిది. చివరికి అడుగునున్న నలుపు ఈకల మధ్య సన్నగా మిగిలి, తమెకిచి బడిలో బొగ్గుతో తెచ్చే నీడలా నిలబడింది. ఆ నీడను నాన్న చెరపలేదు. పొయ్యిలో పడిందా అని కూడా అనలేదు. మూట సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండో రోజునే నేను విప్పి బట్టలు ఎక్కడివక్కడ పెట్టేశాను.

రెండో నెలలో తలుపులు గుడికి చేరాయి. బిగించే రోజు నాయనమ్మ తనూ వస్తానని కూర్చుంది. చలి, నీకు దగ్గు, వద్దంటే వినలేదు. రిక్షాలో నా పక్కన కూర్చుని దారిపొడుగునా తమెకిచి ఇచ్చిన రొట్టె కొరుకుతూ వచ్చింది.

తలుపులు బిగించాక గుడి వ్యవహారాలు చూసే ఎన్‌కై అనే సన్యాసి వాటిని ఒకటొకటే చూస్తూ నడిచాడు. చదువుకున్నవాడు, నవ్వుముఖం. ఎనిమిదోదాని ముందు ఆగి, వెనక్కి తిరిగి ఏడింటినీ చూసి, మళ్ళీ దీన్ని చూశాడు.

“కెయిడోగారూ, వాటికి నలుపు, దీనికి తెలుపు. పొరపాటేమీ లేదు కదా?”

“ఉందండీ,” అన్నాడు నాన్న. “ఏడింటిలో ఉంది. వాటిని మా అల్లుడు దిద్దుతాడు.”

పక్కన తమెకిచి తల వంచేశాడు. అందరి ముందూ నాన్న అతన్ని అల్లుడనడం అదే మొదలు. అప్పటిదాకా శిష్యుడనే చెప్పేవాడు. ఇక అంతా గట్టెక్కినట్టేనని ఊపిరి పీల్చుకోబోయాను.

ఎన్‌కై తలుపుకు ఇంకాస్త దగ్గరగా వంగాడు. కిటికీలోంచి మంచు వెలుగు ఆ తోకమీద పడుతోంది. పైన ఎగిరిపోయే పక్షి తోకను ఇంత దగ్గరనుంచి ఎవరు చూస్తారని అతని సందేహం కాబోలు. ఏ కల్మషమూ లేకుండా అడిగాడు.

“తోక తెల్లగా ఉంటుందని మీకెలా తెలుసు?”

నాయనమ్మ వేళ్ళు నా మణికట్టును పట్టేశాయి, గోళ్ళు దిగాయి. నాన్న వైపు తిరిగాను. యాభై నాలుగేళ్ళ మనిషి, సగం నెరిసిన జుట్టు. తలుపు వైపు కాదు, ఒక్కసారి మా నాయనమ్మ వైపు చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది.

“మా అన్న చూపించాడండీ,” అన్నాడు నాన్న.

“మీకు అన్నగారున్నారా?” ఎన్‌కై ఆశ్చర్యపోయాడు. “ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదే. వారి పేరేమిటి?”

నాన్న పెదవులు కదిలాయి గానీ పేరు బయటికి రాలేదు. నలభై ఆరేళ్ళు అనని పేరు.

నాయనమ్మ నా చెయ్యి వదిలి, ఎవరి ఆసరా లేకుండా రెండడుగులు ముందుకు వేసింది.

“జెన్‌తారో,” అంది. “నా పెద్దకొడుకు.”